మూడో మజిలీ బావి

నన్ను ఆ పనిలో పెట్టింది నా చదువు చూసి కాదు, నా పేరు చూసి.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ చచ్చిపోతాయని భయపెట్టి, అదేమీ జరగలేదని తేలాక, సింగపూర్ మొత్తానికి వెబ్‌సైట్ల పిచ్చి పట్టుకున్న రోజులవి. పూలకొట్టుకీ వెబ్‌సైటు, పళ్ళ డాక్టరుకీ వెబ్‌సైటు. రాఫెల్స్ ప్లేస్‌లో ముప్ఫైరెండో అంతస్తులో ఉన్న మా ఆఫీసుకి, హజ్ యాత్రికుల్ని తీసుకెళ్ళే ఒక ట్రావెల్స్ వాళ్ళు కూడా పని ఇచ్చారు. ఒక వెబ్‌సైటు, దాంతోపాటు యాత్రికుల చేతికిచ్చే మడతల మ్యాపు. మదీనా నుంచి మక్కాకి ఒంటెలు నడిచిన పాత దారి, ఆ దారి పొడవునా బావులు, ప్రతి బావికీ ఒక పేరు. మా మేనేజరు చైనీసావిడ. స్క్రీను మీద మా అందరి పేర్లూ పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి నా పేరు దగ్గర ఆగింది.

"నువ్వు ముస్లిమ్‌వి కదా, అరబిక్ చదవగలవు కదా?" అంది.

చదవగలనన్నాను.

అది పచ్చి అబద్ధం. మాది పల్నాటి వైపు దూదేకుల ఇల్లు. ఇంట్లో తెలుగు తప్ప మరో భాష లేదు. మా నాన్న నమాజు కూడా తెలుగు అక్షరాల్లో అచ్చేసిన చిన్న పుస్తకం చూసి నేర్చుకున్నాడు. మమ్మల్ని చూసి ఉర్దూ మాట్లాడేవాళ్ళు నవ్వేవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు సాయిబులనేవాళ్ళు. మా కులాన్ని ఏమని పిలవాలన్న దాని మీద మాలో మాకే తెగని తగువు. తాతలు దూది ఏకి బతికారు, ఆ పేరుకేం తక్కువని ఒకరు, ఆ పేరుతో పిలిస్తే చులకనగా ఉంది, గౌరవంగా ఇంకోటి పెట్టుకుందామని ఇంకొకరు. పెళ్ళి పందిట్లో కూడా ఇదే గొడవ. అందుకే పేర్ల తగువులంటే చిన్నప్పటి నుంచీ నాకు ఒళ్ళుమంట. అయినా గంగిరెద్దులా తలూపాను. ప్రాజెక్టు లేకుండా రెండు నెలలు ఖాళీగా కూర్చున్నవాళ్ళ వర్క్ పాస్, అంటే ఆ దేశంలో ఉద్యోగానికిచ్చే అనుమతి, ఏమవుతుందో అందరికీ తెలుసు. నాకు భయమేసింది, అంతే.

ట్రావెల్స్ వాళ్ళు బావుల జాబితాలు రెండు పంపారు. ఒకటి ఇంగ్లీషులో శుభ్రంగా టైపు చేసింది. రెండోది, ముప్ఫై ఏళ్ళు యాత్రికుల జట్లను నడిపించిన ఒక పెద్దాయన రాసిచ్చింది. ఆయన మతపాఠాలు చెప్పే గురువు, అందరూ ఉస్తాజ్ అనేవాళ్ళు. ఆయన జాబితాలో బావి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, దూరం అంకెల్లో ఉండేవి. ఆఖరి గడిలో మాత్రం అరబిక్ లిపిలో ఏదో సన్నటి రాత. ఆ గడిని చూసినప్పుడల్లా నా అబద్ధం నన్ను చూసి వెక్కిరించినట్టుండేది. కంప్యూటర్లోకి ఎక్కించాక ఆ నిలువు వరసనంతా కనబడకుండా దాచేశాను. ఎక్సెల్‌లో అదెంత పని, ఒక్క క్లిక్కు. పక్కన కూర్చునేవాళ్ళు "ఇదేం రాసుంది?" అని అడగకుండా ఉంటే చాలనుకున్నాను.

అప్పుడు నేను యీషున్‌లో ఒక మలయ్ ముసలాయన ఫ్లాట్‌లో గది తీసుకుని ఉండేదాన్ని. ఆయన హార్బరులో క్రేను నడిపి రిటైరయ్యాడు. భార్య పోయింది. పెళ్ళయిన కూతురు ఆదివారాలు వచ్చి వెళ్ళేది. నేనాయన్ని పాచిక్ అనేదాన్ని, అంటే మన బాబాయి లాంటి పిలుపు. ఆయన నన్ను నాక్ అనేవాడు, వాళ్ళ భాషలో బిడ్డా అని. మలయ్, ఇంగ్లీషు, హార్బరులో తమిళ కూలీల దగ్గర పట్టుకున్న తమిళం, అన్నీ కలిపి మేమిద్దరం ఎలాగో మాట్లాడుకునేవాళ్ళం.

ఒక శనివారం పొద్దున మ్యాపు ప్రింటు తెచ్చి భోజనాల బల్ల మీద పరిచి పేర్లు సరిచూసుకుంటున్నాను. పాచిక్ కళ్ళజోడు పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆ దారి మీద వేలు పెట్టి మదీనా నుంచి నెమ్మదిగా కిందికి జరుపుకుంటూ పోయాడు. మక్కా దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"మా నాన్న ఈ దారిలోనే ఉన్నాడు," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన లోపలికి వెళ్ళి ఒక పాత బిస్కట్ల డబ్బా తెచ్చాడు. అందులో ఒక తస్బీ ఉంది, జపమాల. పూసలు అరిగి నున్నగా ఉన్నాయి.

పాచిక్‌కి నాలుగేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఇక్కడి రేవులో ఓడెక్కి హజ్‌కి వెళ్ళాడు. మదీనా చూసుకుని మక్కాకి ఒంటెల మీద వస్తుంటే దారిలో జ్వరం తగిలి పోయాడు. జట్టు ఆగదు కదా, ఒక బావి పక్కన పూడ్చిపెట్టి ముందుకు సాగిపోయారు. తోడెళ్ళిన ఆయన ఏడాదికి తిరిగొచ్చి ఈ మాలా, ఆ బావి పేరూ తెచ్చిచ్చాడు. ఎంత దూరంలో ఉందో, ఏ గుర్తులున్నాయో వాళ్ళమ్మ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన కూడా త్వరలోనే పోయాడు. ఇంట్లో మిగిలింది బావి పేరొక్కటే.

"మా అమ్మ నిద్రపుచ్చేటప్పుడు ఆ పేరే చెప్పేది," అన్నాడు పాచిక్. "ఈ ఏడాది నాకు యాత్రలో చోటు దొరికింది. మీ ట్రావెల్స్ వాళ్ళతోనే వెళ్తున్నా. నాక్, ఆ పేరు మ్యాపు మీద ఉంటుంది కదా? ముసలోడి కథ చెబితే బస్సు డ్రైవర్ ఆపడు. మ్యాపు చూపిస్తే ఆపుతాడు."

ఆ బావి పేరు నేనిక్కడ రాయను. రాస్తే ఈ పేజీ మీద కూడా ఇద్దరు కూర్చుని వాదించుకుంటారు. ఎందుకంటే అప్పటికే ఆ పేరు మీద మా ఆఫీసులో తగువు నడుస్తోంది. పాత వాడుకలో అది ఒక మహనీయుడి పేరు. ఆ బావిని ఆయనే తవ్వాడని యాత్రికులు తరతరాలుగా చెప్పుకుంటారు. టైపు చేసిన జాబితాలో మాత్రం ఆ పేరే లేదు. ఎప్పుడో ఆ దారి బావులు బాగుచేయించిన ఒక సుల్తాను పేరు పెట్టారు.

పాచిక్‌కి ఉంటుందని మాటిచ్చేశాను. అబద్ధాలు చెప్పడం అలవాటైతే మాటలివ్వడం కూడా సులువే.

మరుసటి వారం మా అద్దాల గదిలో మీటింగు పెట్టారు. ఒక పక్క ఉస్తాజ్, మడిచిన గొడుగు ఒళ్ళో పెట్టుకుని. ఎదురుగా ట్రావెల్స్‌లో కొత్తగా చేరిన యువ డైరెక్టరు, బయటి దేశంలో మతశాస్త్రం చదువుకుని వచ్చినవాడు.

"ఆ మహానుభావుడు తవ్వాడనడానికి ఆధారమేంటి?" అన్నాడు డైరెక్టరు. "ఎక్కడ రాసుందో చూపించండి."

"మా గురువు చెప్పాడు. ఆయనకి వాళ్ళ గురువు చెప్పాడు."

"అది ఆధారం కాదు. ఆ పేరు అచ్చేస్తే జనం వెళ్ళి రాళ్ళు ముద్దుపెట్టుకుంటారు, మట్టి మూటగట్టి తెస్తారు. ఆ పాపం మ్యాపు వేసినవాళ్ళది."

"సుల్తాను పేరు పెడితే పుణ్యమా? అప్పటికే ఉన్న బావిలో పూడిక తీయించాడు ఆయన. నేను ముప్ఫై ఏళ్ళు జనాన్ని తీసుకెళ్ళాను. ఒక్కరు కూడా సుల్తాను పేరు చెప్పి నీళ్ళు అడగలేదు."

గంటసేపు ఇదే. ఇద్దరిలో ఒక్కరైనా చెడ్డవాడైతే కోప్పడి ఊరుకునేదాన్ని. ఇద్దరూ దేవుడికి భయపడే మంచివాళ్ళే, అందుకే తెగలేదు. చివరికి డైరెక్టరు నా వైపు తిరిగి, "సిస్టర్, మీ వైపు ఏమని పిలుస్తారు?" అన్నాడు. మా వైపు! మా ఊళ్ళో బావికి తవ్వినవాడి పేరు ఉండదు, ఎవరిని తోడుకోనిస్తారో వాళ్ళ కులం పేరుంటుంది. ఆ మాట అక్కడ ఎలా చెప్పను? రెండు పేర్లూ పెడదామన్నాను. మేనేజరు ఒప్పుకోలేదు. ఒక చుక్కకి ఒకటే పేరు, రెండు పెడితే మనకే తెలియదనుకుంటారు అంది.

అప్పుడు పాచిక్ సంగతి చెప్పాను. డబ్బా, తస్బీ, నాలుగేళ్ళ పిల్లాడు, అన్నీ. డైరెక్టరు తన జాబితా మడిచి పక్కన పెట్టాడు.

"సరే," అన్నాడు. "ఆ ఒక్క బావికి పాత పేరు ఉంచండి. కథలేవీ రాయొద్దు."

ఉస్తాజ్ లేచి గొడుగు తీసుకుంటూ నాతో, "నా జాబితాలో అన్నీ రాశానమ్మా. చూసుకో," అన్నారు.

సంతోషం పట్టలేక గబగబా నా సీటుకి వచ్చాను. ఉస్తాజ్ జాబితాలోని పేర్లు డేటాబేసులోకి ఎక్కిస్తుంటే ఎర్రటి మెసేజి వచ్చింది, ఈ పేరు ఇదివరకే ఉందని. నా పక్కన డేటాబేసు పని చూసే అన్న ఒకాయన కూర్చునేవాడు, కరీంనగర్ ఆయన. తొంగి చూశాడు.

"ఏందే చెల్లె, లోడైతలేదా?"

"లేదన్నా. ఈ పేరు రెండుసార్లుంది అంటంది."

"గట్లయితే డూప్లికేట్. పేరు ఒక్కటే ఉంటే మొదటిది ఉంచి తక్కినయి తీసెయ్యాలె. స్క్రిప్టు ఉన్నది గద, కొట్టు. మనం చేసే పనే గది."

నిజమే, మేం రోజూ చేసేది అదే. బ్యాంకు ఖాతాదారులైనా, పళ్ళ డాక్టరు పేషెంట్లయినా, ఒకే పేరు రెండుసార్లొస్తే రెండోది తప్పు. ఉస్తాజ్ జాబితా చూశాను. ఆ పేరు పైన ఒకసారి, చాలా కింద ఇంకోసారి ఉంది. దూరం అంకెలు వేరుగా ఉన్నాయి. పెద్దాయన చెయ్యి జారి రెండుసార్లు రాశారనుకున్నాను. ఆ రెండు వరసల చివర ఆయన ఏం రాశారో చూడాలన్నా నేను దాచిన గడి తెరవాలి. తెరిస్తే ఎవరితోనైనా చదివించుకోవాలి. చదివించుకుంటే నాకు రాదని తెలిసిపోతుంది.

"అన్నా, ఎందుకైనా మంచిది, ఆ ముసలాయన్ని ఒకసారి అడిగితే?" అన్నాను.

"అడుగుతే మల్ల మీటింగే. గా బాయి లొల్లి మనకెందుకే, లోడయితే సాలు."

స్క్రిప్టు కొట్టాను. లోడైంది.

ఆ ఆదివారం పాచిక్ లాంటొంగ్ వండాడు, కొబ్బరిపాల పులుసులో అన్నపు ముద్దలు. "మాకాన్, మాకాన్," అని తినమంటూ నా ప్లేటు ఖాళీ అవనివ్వలేదు. అచ్చయిన మ్యాపు మీద ఆ పేరున్న చోటుని వేలితో తడిమి తడిమి చూసుకున్నాడు. మొదటి మజిలీ దగ్గర ఉందది. ఎయిర్‌పోర్టుకి నేనూ వెళ్ళాను. జపమాల డబ్బాలోంచి తీసి చేతికి చుట్టుకున్నాడు. నా బతుకులో ఒక్క పని సరిగ్గా చేశాననిపించింది ఆ రోజు.

ఆయన వెళ్ళిన పదిహేను రోజులకి ఉస్తాజ్ మా ఆఫీసుకి వచ్చారు. నా బల్ల మీద మ్యాపు పరిచారు.

"ఇంకో బావి ఏదమ్మా?"

"ఏ బావండీ?"

"ఆ పేరు మీద రెండున్నాయి కదా. ఒకటి మొదటి మజిలీలో, ఒకటి మూడో మజిలీలో. మీ ఇంటి ముసలాయనకి కావలసింది మూడో మజిలీది. ఆ జాబితాలో రాశాను కదా. నువ్వు చదవలేదా?"

ఫైలు తెరిచి, దాచిన వరసని బయటికి తెచ్చాను. ఆ పేరు రెండోసారి వచ్చిన చోట, పక్కనున్న రాత ఆయన చదివారు. అది అరబిక్ కాదు, మలయ్. రోజూ ఇంట్లో వినే మలయ్. వాళ్ళ పెద్దవాళ్ళు మలయ్‌ని అరబిక్ అక్షరాల్లో రాసుకునేవాళ్ళట. జ్వరాలు వచ్చిన ఏడాది మన దేశపు యాత్రికుల్ని ఇక్కడే ఖననం చేశారు, అని రాశారాయన. కుబూర్ అన్న మాట నాక్కూడా అర్థమైంది. మేమూ సమాధిని ఖబర్ అనే అంటాం.

అంటే పాచిక్ వయసు వాళ్ళెవరైనా చదివేవాళ్ళే. ఆ శనివారం పొద్దున నేను బల్ల మీద మ్యాపుతోపాటు ఆ జాబితా కూడా పెట్టి ఉంటే, పాచిక్ కళ్ళజోడు సర్దుకుని తనే చదువుకునేవాడు.

ట్రావెల్స్‌కి ఫోన్ చేశాను. జట్టు నిన్ననే మదీనా నుంచి మక్కా చేరిందన్నారు. ఇక ఆ దారిన తిరిగి రారు, అటునుంచి అటే విమానం. ఉస్తాజ్ నాలుగు తిట్టినా బాగుండేది. మ్యాపు మడిచి, గొడుగు పుచ్చుకుని, నెమ్మదిగా లిఫ్టు వైపు వెళ్ళిపోయారు.

పాచిక్ తిరిగొచ్చేసరికి సగమయ్యాడు. దగ్గు. నాకోసం ఖర్జూరాలు, ఒక సీసాలో మక్కాలోని జమ్ జమ్ బావి నీళ్ళు తెచ్చాడు. చెప్పేయాలని వారం రోజులుగా మాటలు కూడగట్టుకుని ఉన్నాను. ఆయన కూర్చున్నాడు, నేనూ ఎదురుగా కూర్చున్నాను. నేను నోరు తెరిచేలోపు ఆయనే మొదలుపెట్టాడు.

"మ్యాపు చూపించగానే ఆపాడు నాక్. అక్కడిప్పుడు పెట్రోలు బంకుంది. వెనకాల టాయ్‌లెట్ల పక్కన ఇనుప మూత వేసుంది, అదే బావి అన్నారు. రాళ్ళూ లేవు, ఏమీ లేవు, అంతా సిమెంటు. అయితేనేం, నిలబడి ఫాతిహా ప్రార్థన చదివాను. నాన్నా, నేను వచ్చాను అన్నాను. నన్ను చూస్తే గుర్తుపట్టడు కదా, నేనిప్పుడు ఆయనకంటే ముసలోణ్ణి."

నవ్వాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల నన్ను నేను తిట్టుకుంటున్నాను.

"ఇంకో తమాషా," అన్నాడాయన. "అక్కణ్ణుంచి చాలా దూరం పోయాక బస్సు టైరు పోయింది. ఎవరూ లేని చోటు. అందరం దిగాం. అక్కడా ఒక పాత బావుంది, చుట్టూ ముళ్ళతీగ. పక్కన చిన్న చిన్న రాళ్ళు వరసగా పాతి ఉన్నాయి. ఇదేంటని అడిగితే లీడరు నీ మ్యాపు తీసి చూశాడు. ఇక్కడేమీ లేదు పాచిక్, పేరే లేదు అన్నాడు. గొర్రెల వాళ్ళదేమో అనుకున్నాను. నా సీసాలో మిగిలిన నీళ్ళు ఆ రాళ్ళ మీద పారబోసి బస్సెక్కాను."

అదే మూడో మజిలీ బావి అని నాకు రుజువేమీ లేదు. దూరం లెక్క వేసుకుంటే అదే అవుతుంది. చెబితే ఆయన ఏం చేయగలడు? మళ్ళీ వెళ్ళే ఓపిక ఒంట్లో లేదు, వరసలో మళ్ళీ చోటూ రాదు. చెప్పకపోతే నేను బతికినన్నాళ్ళూ మోయాలి. ఆయన మంచి కోసమే చెప్పలేదని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆయన నన్ను చూసే చూపు మారిపోతుందని భయపడ్డాను.

పాచిక్ లేచి మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఫ్రేము కట్టించి గోడకి పెడతానన్నాడు. మనవలు ఎప్పుడైనా వెళ్తే వాళ్ళ ముత్తాత ఎక్కడున్నాడో తెలియాలట. నా చేతికి పెన్ను ఇచ్చాడు.

"మా నాన్న పేరు రాయి, ఈ బావి పక్కన. నా చెయ్యి వణుకుతోంది. మన అక్షరాల్లో రాయి. నీకు వచ్చు కదా, ఆఫీసులో ఆ పనేగా నీది."

"నాకు రాదు పాచిక్," అన్నాను. నేనాయనతో చెప్పగలిగిన నిజం అదొక్కటే. "ఆ అక్షరాలు నాకు రావు. వచ్చని అబద్ధం చెప్పాను."

కోప్పడతాడేమోనని చూశాను. పకపకా నవ్వాడు.

"రాదా? అయ్యో పిచ్చిదానా, ఇంత చిన్న విషయానికా! నన్నడిగితే నేను చదివిపెట్టేవాణ్ణి కదా."

పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వణికే చేత్తోనే వాళ్ళ నాన్న పేరులో ఒక్కో అక్షరాన్నీ పెద్దగా రాసి చూపించాడు. చుక్క ఎక్కడ పెట్టాలో, ఎక్కడ కలపాలో చెప్పాడు. నేను చూసి, కుడి నుంచి ఎడమకి, మొదటి మజిలీ బావి పక్కన జాగ్రత్తగా రాశాను. నా చేత్తో ఆ అక్షరాలు రాయడం అదే మొదటిసారి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూశాడు.

"బాగా కుదిరింది," అన్నాడు.